జానెడు వెనక్కి లాగిన కడ్డీ

రండమ్మా, రండప్పా, ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. ఇవి గట్టిగా చెప్పుకునే మాటలు కావు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. కానీ కంటితో చూసింది, ముక్కుతో పీల్చింది ఎన్నేండ్లయినా నాకు పోదు. ఈ రోజు చెప్పేది బండ్ల పొగ సంగతి. మా అమ్మ కన్నుమూసేదాకా మా ఆయనను తప్పు చేసిన మనిషిగానే చూసింది. ఆ తప్పు నాది. అమ్మ బతికుండగా ఆ మాట చెప్పలేకపోయాను. ఎట్లా జరిగిందో మొదటి నుంచి చెబితేనే మీకు అర్థమవుతుంది.

మా పుట్టిల్లు కుప్పం. మదనపల్లెకు కోడలిగా వచ్చాను. మా ఆయనకు పుంగనూరు రోడ్డు పక్కన పొల్యూషన్ వ్యాను ఉండేది. పాత వ్యాను లోపల ఒక కంప్యూటరు, రెండు మిషన్లు. ఒక మిషను డీజిలు బండ్లకు, ఇంకొకటి పెట్రోలు, గ్యాసు బండ్లకు. బండి వచ్చి ఆగితే దాని సైలెన్సర్ గొట్టంలోకి ఇనుప కడ్డీ దూర్చాలి. ఆ కడ్డీ పొగను పీల్చుకుని పైపు గుండా మిషనుకు పంపుతుంది. పొగ హద్దులో ఉంటే కాగితం వస్తుంది, లేకపోతే రాదు. ఇంటి పని ముగించి సద్ది కట్టుకుని పోయి నేను కూడా సాయంత్రం దాకా అక్కడే ఉండేదాన్ని. కంప్యూటరు ఆయనది, కడ్డీ పట్టే పని నాది.

అట్లా గొట్టాల వెనకాల వంగి వంగి నాకు పొగలన్నీ మనుషుల్లాగా గుర్తుండిపోయాయి. డీజిలు బండయితే డ్రైవరు ఎక్సలేటర్ అడుగుదాకా తొక్కాలి, వదలాలి, మళ్ళీ తొక్కాలి. తొక్కినప్పుడల్లా గుప్పున నల్లటి పొగ వచ్చి మొహాన పడేది. గుర్రంకొండ, కలకడ వైపు నుంచి టమోటాలు తెచ్చి మండీలో దించి వచ్చే లారీలయితే చెప్పనక్కర్లేదు, ఆ పూట నా ముక్కు పుటాలు పొయ్యి గొట్టాలే. పెట్రోలు కారుకు ఆ హడావుడి లేదు. ఊరికే నిలబడి ఇంజను నిదానంగా తిరుగుతూ ఉంటే చాలు. పొద్దున చలిలో వస్తే తెల్లటి ఆవిరి, గొట్టం కొసన నీటి చుక్కలు, ముక్కు లోపల సన్నగా కుట్టే వాసన. ఇక గ్యాసు బండి. దాని పొగ కంటికి ఆనదు. చేయి అడ్డం పెడితే వెచ్చటి, తేమ గాలి, అంతే. అన్నం కుండ మూత తీసినట్టు ఉండేది నాకు.

మిషను చెప్పే అంకెలు నాకు తెలియవు కదా. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మా ఆయన పాత పంచె చించి అరచేయంత గుడ్డలు చేసి, వచ్చిన ప్రతి బండి గొట్టానికి ఒక గుడ్డ అడ్డం పట్టి పది లెక్కపెట్టేదాన్ని. డీజిలు గుడ్డ మీద పెనం అడుగులాగా నల్లటి గుండ్రం పడేది, రుద్దినా పోయేది కాదు. పెట్రోలు గుడ్డ బూడిద రంగుకు తిరిగేది. గ్యాసు గుడ్డ తడిసేది గానీ తెల్లగానే ఉండేది. ఆ గుడ్డల్ని వ్యాను తలుపుకు కట్టిన తాడు మీద వరసగా ఆరేసేదాన్ని. డ్రైవర్లకు అదొక వేడుక.

“అమ్మా, మా బండికి నీ గుడ్డ ఏమంటాండాది?” అని అడిగేవాళ్ళు.

“బండికి డీజిలు పోస్తాండావా, బొగ్గు మేపుతాండావా అప్పా?” అంటే పగలబడి నవ్వేవాళ్ళు.

మధ్యలో ఒకాయన కరెంటు కారు తెచ్చి నిలబెట్టి, కాగితం ఇవ్వమని పట్టుబట్టాడు. నేను కడ్డీ పట్టుకుని కారు వెనకాల వంగి గొట్టం కోసం వెతుకుతున్నాను. మా ఆయన లోపల్నించి, “మేయ్, యాడ దూరుస్తావే దాన్ని? ఆ బండికి ముక్కూ లేదు, నోరూ లేదు” అన్నాడు. కారాయన మాత్రం, “ఏదో ఒకటి పెట్టి సూడండప్పా, రేపు పోలీసాయన అడిగితే ఏం సెప్పేది?” అని పోనేలేదు.

నా గుడ్డల సంగతి మా ఆయనకు మొదటి నుంచీ నచ్చలేదు. ఒకసారి నెమ్మదిగా చెప్పాడు కూడా. “నీ గుడ్డకు తెలిసేది మసి ఒక్కటే. డీజిలు పొగ కంటికి కనిపిస్తాది గాబట్టి జనం తిడతారు, పక్కకు జరుగుతారు. పెట్రోలులో, గ్యాసులో కనపడంది ఒకటుంటాది. రంగు లేదు, వాసన లేదు. ఇంజను సరిగ్గా మండకపోతే అది ఎక్కువ వస్తాది. మూసిన సోట పీల్చినామంటే తలనొప్పితో మొదలుపెట్టి మనిషిని పడేస్తాది. దాన్ని పట్టేది ఈ మిషనే.”

ఊ కొట్టాను. మనసులో మాత్రం, కనపడని దాన్ని చెప్పే మిషను గొప్పా, కళ్ళకు చూపించే నా గుడ్డ గొప్పా అనుకున్నాను. ఊరంతా నా గుడ్డను మెచ్చుకుంటుంటే నాకు తల కొంచెం తిరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి.

మా అమ్మ కుప్పంలో మా తమ్ముడి దగ్గర ఉండేది. నెలకొకసారి బస్సెక్కి పుంగనూరు మీదుగా మా ఇంటికి వచ్చి రెండు రోజులుండి పోయేది. వాకిట్లో కాలు పెడుతూనే, “అల్లుడు యాడమ్మే?” అని అడిగేది. తెచ్చిన బెల్లం, చింతపండు, ఏదయినా సరే ముందు ఆయన చేతిలో పెట్టాకే కూర్చునేది. “నీకిస్తే దాచిపెడతావు, అల్లుడికిస్తే అందరికీ పెడతాడు” అని నన్ను ఎత్తిపొడిచేది. మా ఆయనకు తల్లి చిన్నప్పుడే పోయింది. అత్త మాటంటే ఆయనకు అంత ఇది.

తమ్ముడు బాడుగలకు తిప్పడానికి ఒక పాత వ్యాను కొన్నాడు. పెట్రోలు బండే, దానికి గ్యాసు కిట్టు బిగించుకున్నాడు. అమ్మకు బస్సు తిప్పలు తప్పాయని అందరం సంబరపడ్డాం. మొదటిసారి అమ్మను ఎక్కించుకుని మదనపల్లెకు వచ్చి, ఆమెను ఇంటి దగ్గర దించి, నేరుగా మా వ్యాను దగ్గరికి వచ్చాడు. మరుసటి రోజు తెల్లవారకముందే పెండ్లివాళ్ళను తీసుకుపోవాలట, పొల్యూషన్ కాగితం కావాలన్నాడు.

నేను ముందు గుడ్డ పట్టాను. మల్లెపువ్వులాగా వచ్చింది. “సూసినావా, మా తమ్ముడి బండి!” అని దాన్ని అందరికీ కనపడేలా తాడు మీద వేశాను. ఆ తర్వాత కడ్డీ జానెడు మీద నాలుగు వేళ్ళంత లోపలికి దూర్చాను. మిషను ఒప్పుకోలేదు. మా ఆయన రెండుసార్లు చూశాడు.

“ఇంజను సరిగ్గా మండడం లేదప్పా” అన్నాడు తమ్ముడితో. “గ్యాసు, గాలి కలిసే సోట సరి చెయ్యాల. మెకానిక్కు దగ్గర బండి పైకెత్తించి కింద సైలెన్సరు గూడా సూపించు. సాయంత్రానికి అయిపోతాది. అప్పుడు తీసుకురా, కాగితం ఇస్తా.”

“బావా, సాయంత్రమంటే నేను కుప్పం యాడ సేరేది? పెండ్లోళ్ళు ఊరుకుంటారా?”

“పొగ ఎక్కువుంటే నేనేం సెయ్యాలప్పా?”

“పొగ యాడుంది బావా? అక్క గుడ్డ సూడు ఎంత తెల్లగుండాదో!”

పక్కనున్న ఆటో డ్రైవర్లు నవ్వారు. “ఏమ్మా, నీ గుడ్డ నిజమా, మీ ఆయప్ప మిషను నిజమా?” అన్నాడు ఒకడు. నాకు మొహం వేడెక్కింది. అంతలో మా ఆయనకు ఎవరో ఫోను చేస్తే మాట్లాడుతూ రోడ్డు అవతలికి పోయాడు.

అప్పుడు నేను చేసిన పని ఇది. ఏ మీటలు నొక్కితే మిషను మళ్ళీ మొదలవుతుందో రోజూ చూసి చూసి నాకు తెలుసు. నొక్కాను. గొట్టంలో అంత లోపలుండాల్సిన కడ్డీని జానెడు వెనక్కి లాగి, బయటికొచ్చిన తడిని గుడ్డతో తుడిచి, కొస మాత్రం లోపలుండేట్టు పట్టుకున్నాను. అట్లా పట్టుకుంటే పొగతో పాటు బయటి గాలి కూడా లోపలికి పోతుంది, చారులో నీళ్ళు పోసినట్టు పొగ పలచబడిపోతుంది. ఒక లారీ డ్రైవరు ఎప్పుడో చెప్పిన కిటుకది. అప్పుడు అతన్ని నేనే తిట్టి పంపించాను. ఈసారి మిషను ఒప్పుకుంది.

మా ఆయన తిరిగి వచ్చాడు. “ఇంజను వేడెక్కినాక సరిగ్గా వచ్చినాది” అన్నాను. ఆయన కడ్డీ తీసుకుని తుడవబోయి ఆగాడు. పూర్తిగా లోపలికి పోయిన కడ్డీకి అంత పొడుగునా తేమ పట్టాలి. దీనికి కొసన మాత్రమే పట్టింది. ఒకసారి నా మొహం చూశాడు. తమ్ముడు గడియారం చూసుకుంటున్నాడు, ఆటోవాళ్ళు మా వైపే చూస్తున్నారు. నలుగురిలో పెండ్లాన్ని దొంగను చేయలేక ఆ మనిషి కాగితం మీద సంతకం పెట్టి ముద్ర వేశాడు. తమ్ముడితో మాత్రం, “మెకానిక్కుకు సూపించడం మానొద్దప్పా” అన్నాడు. కాగితం చేతికొచ్చాక మెకానిక్కు దగ్గరికి ఎవరు పోతారు?

ఆ రోజు ఇంటికి పోయేసరికి అమ్మ తలకు గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది. “తల దిమ్ముగుండాదమ్మే, కడుపులో దేవినట్టుండాది” అంది. దూరం ప్రయాణం కదా అనుకున్నాం.

ఆ తర్వాత ప్రతి నెలా అదే వరస. కుప్పంలో నవ్వుతూ ఎక్కేది. చలిగాలికి చెవులు పోటెత్తుతాయని వెనక సీటు కిటికీలు బిగించుకునేది. తమ్ముడికి ఆ బాధ లేదు, తన పక్క అద్దం ఎప్పుడూ దించే ఉంటుంది. పలమనేరు దాటేసరికి అమ్మకు తలనొప్పి, వాంతి. పుంగనూరులో దించి బస్టాండు దగ్గర పూలంగడి అరుగు మీద కూర్చోబెడితే, నీళ్ళు తాగి, అరగంటకు లేచి మామూలుగా మాట్లాడేది.

ఇక్కడే మేము ఎవరూ చేయని తెలివితక్కువ పని చేశాం. ఆమెను బాగు చేసింది గాలి. మేమేమో పుంగనూరు నీళ్ళు అనుకున్నాం. “నాకు పుంగనూరు నీళ్ళు పడతాయమ్మే, మీ మదనపల్లె నీళ్ళు గాదు, కుప్పం నీళ్ళు గాదు” అని అమ్మ ఊరంతా చెప్పింది. పూలంగడి ఆమె రెండు సీసాల నిండా నీళ్ళు పట్టి ఇచ్చేది. తమ్ముడు కుప్పంలో కూడా ఆ నీళ్ళే తాపేవాడు, బండిలో కూడా దగ్గర పెట్టేవాడు. నీళ్ళు పక్కనే ఉన్నా బండెక్కితే వాంతి ఎందుకొస్తుందని ఒక్కరమూ ఆలోచించలేదు. “అమ్మకు బండి పడదులే” అని నవ్వేవాళ్ళం. అమ్మే సిగ్గుపడేది. “ముసలి ఒళ్ళు, సుఖం తట్టుకోలేదు” అనేది. నేను కూడా నవ్వాను. గ్యాసు బండి పొగ తెల్లగుడ్డంత శుభ్రమని నాకు అంత నమ్మకం.

చలికాలంలో ఒక పొద్దు తమ్ముడు పుంగనూరు నుంచి ఫోను చేశాడు. “అక్కా, అమ్మ సీట్లోనే వాలిపోయినాది, పిలిస్తే పలకడం లేదు.” నేను, మా ఆయన బైకు మీద పరిగెత్తాం. మేము పోయేసరికి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి ఉన్నారు, కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ తమ్ముణ్ణి రెండే ప్రశ్నలు అడిగింది: “కిటికీలు మూసి ఉండాయా? బండి దిగితే తగ్గుతుందా?” అవునన్నాడు. “ముందు బండి కింద చూపించుకోండి” అంది.

మధ్యాహ్నానికి అమ్మ తేరుకుంది. ఇంటికి పోతూ ఆసుపత్రి పక్కనే ఉన్న షెడ్డులో బండి ఎత్తించాం. అమ్మ బెంచీ మీద కూర్చుని సోడా తాగుతోంది. మెకానిక్కు కింద దూరి బయటికి వచ్చి, వెనక సీటు కింద సైలెన్సరు అతుకు పగిలిపోయిందనీ, పైన రేకు తుప్పు పట్టి పిడికిలంత బొక్క పడిందనీ చెప్పాడు.

“ఇంజను కూడా సరిగ్గా మండడం లేదప్పా. ఆ పొగంతా నేరుగా లోపలికే పోతాండాది. రంగూ వాసనా లేని పొగ, మీకెట్లా తెలస్తాది? ఇది ఈ పొద్దు పగిలింది గాదు, ఏడాది నాటిది. ఈ బండికి పొల్యూషన్ కాగితం ఇచ్చిన మారాజు ఎవరప్పా?”

తమ్ముడు తల దించుకున్నాడు. అమ్మ సోడా పక్కన పెట్టింది. ఎవరిచ్చారో ఆమెకు తెలుసు.

“ఏం నాయనా” అంది మా ఆయనను చూసి, ఏ మాత్రం గొంతు పెంచకుండా. “ఊర్లో బండ్లన్నిటికీ పొగ సూసేవాడివి. మీ అత్త కూర్చునే బండికి సూసేదానికి నీకు తీరిక లేకపాయనా?”

ఇప్పుడు చెబుతాడు, నీ కూతుర్నే అడుగత్తా అంటాడు అనుకున్నాను. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి, “తప్పు జరిగిపాయ అత్తా” అన్నాడు. అంతే. నా వైపు తిరిగి కూడా చూడలేదు.

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. మెకానిక్కు ఉన్నాడని, తమ్ముడు ఉన్నాడని, అమ్మ ఇప్పుడే తేరుకుందని ఏవేవో అనుకున్నాను. అమ్మ పైట సర్ది, “పోదాం పామ్మా” అన్నాను. మరుసటి రోజు వ్యాను తాడు మీది గుడ్డలన్నీ తీసి ఇంటికి తెచ్చి పొయ్యిలో వేశాను. గుడ్డలు కాలాయి గానీ, దాంతో ఎవరికి ఏం ఒరిగింది?

తమ్ముడు బండి బాగు చేయించాడు. అమ్మ మళ్ళీ దాన్ని ఎక్కలేదు. బస్సులోనే వచ్చేది, అదీ మూడు నాలుగు నెలలకొకసారి. వాకిట్లోకి వచ్చి, “అల్లుడు యాడ?” అని అడగడం మానేసింది. బెల్లం పొట్లం నా చేతికిచ్చేది. మా ఆయన ఎదురొచ్చి, “బాగుండావా అత్తా?” అంటే, “బాగుండా నాయనా” అని కొంగు చూసుకుంటూ పోయేది. తిట్టినా బాగుండేది. కుప్పంలో అడిగినవాళ్ళతో, “మా అల్లుడు మంచోడే, పనిలోనే నమ్మకం లేదు” అనేదట. పనిలో ఆయనంత నిక్కచ్చి మనిషి ఆ రోడ్డు పొడుగునా లేడు.

ఎన్నిసార్లో చెప్పాలనుకున్నాను. అమ్మకు తలదువ్వుతూ ఒకసారి మొదలుపెట్టాను. “అమ్మా, ఆ పొద్దు కాగితం సంగతి...” అనగానే, “వదిలెయ్ మే, నీ మొగుణ్ణి నువ్వు యనకేసుకోని రాకుంటే ఎవరొస్తారు?” అంది. నిజం చెప్పబోతే అది కూడా మొగుణ్ణి కాపాడే అబద్ధంలా వినపడుతుందని భయమేసి ఊరుకున్నాను. మా ఆయనతో అంటే, “పోనీలే, నా మీద కోపం ఆమెకు నాలుగు నాళ్ళుంటాది. కూతురి మీద అయితే ఆమె తట్టుకోలేదు” అన్నాడు. నాకు ఆ మాట ఎంత హాయిగా తోచిందంటే, దాన్ని పట్టుకుని ఏండ్లు గడిపేశాను.

పోయిన ఏడు అమ్మకు జ్వరం తగిలింది. మూడు రోజులే. రెండో రోజు నేను కుప్పంలో పక్కనే కూర్చున్నాను. “మీ ఆయన రాలేదా?” అంది. “రేపొస్తాడు” అన్నాను. “వస్తే సెప్పు, నాకేం కోపం లేదని. మనిషన్నాక తప్పు సేస్తాడు” అంది. అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. తలుపు వేసి ఉంది. అడ్డం వచ్చిన పని ఏదీ లేదు, చెప్పకుండా ఉండడానికి సాకు కూడా లేదు. “సరే” అన్నాను. చేయని తప్పుకు ఆయన తరఫున మన్నింపు పుచ్చుకుని కూర్చున్నాను. ఆయన చేరేసరికి అమ్మకు మాట పడిపోయింది.

ఈ మధ్యే సంవత్సరీకం జరిగింది. అందరూ కూర్చుని భోంచేస్తుంటే, బంధువొకాయన మా ఆయన ఆకులో పప్పు వడ్డిస్తూ, “అత్తకు పొగ పెట్టిన అల్లుడివి గదప్పా నువ్వు!” అని సరసమాడాడు. నలుగురు నవ్వారు. మా ఆయన కూడా అలవాటైన నవ్వే నవ్వాడు. నేను వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టి, కడ్డీ సంగతంతా ముక్కలు ముక్కలుగా చెప్పేశాను.

తమ్ముడు ముద్ద ఆకులో వదిలేసి, “నేను గూడా తొందరపెట్టినా గదక్కా” అన్నాడు. మా ఆయనను అన్నా అని పిలిచే తమ్ముడి పెండ్లాం మాత్రం ఊరుకోలేదు. “ఇన్నేండ్లు మా అన్న మొగాన మసి పూసి తిరిగినావా వదినా? అత్తమ్మ పోయేదాకా కాసుకోని ఉండి సెప్తాండావే!” అంది. ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం తీసేయడానికి లేదు.

తిరుగు బస్సులో వి.కోట దాటాక మా ఆయన, “యాల సెప్పినావు ఇప్పుడు?” అన్నాడు.

“నీ మీద పడిన మాట పోవాలని.”

“మాట పాయలే. అత్తకు తెలీకనే పాయ గదా.” కిటికీ వైపు తిరిగి, “ఆమె నా సేతిలో మళ్ళా ఒక్కసారి బెల్లం పెట్టుంటే బాగుండు” అన్నాడు.

పదిమందిలో అంతసేపు నవ్విన మనిషి అప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన చేయి పట్టుకోవాలనుకున్నాను, పట్టుకోలేకపోయాను.

ఇంత దూరం నాతో కూర్చుని విన్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ ఇంటి పెద్దలు నిండు నూరేండ్లు తేలిగ్గా ఊపిరి పీల్చుకోవాలి. మీ అల్లుళ్ళు, కోడళ్ళు ఇంకొకరి నిందను మోసే అవసరం లేకుండా తలెత్తుకుని మీ వాకిట్లో తిరగాలి. చెప్పాల్సిన మాట మీ నోటికి వేళకే రావాలి, వినాల్సినవాళ్ళు అప్పటికి మీ ఎదురుగానే కూర్చుని ఉండాలి.